16 క్లిక్కుల షాకులు: ఆరు నెలలు తిప్పి తిప్పి చూశాక

ఇది నా కారుకి వేయించుకున్న షాక్ అబ్జార్బర్ల (షాకుల) గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. సరుకు మంచిదే, కానీ ఒక చిన్న భాగం నన్ను ఏడిపించింది, ఒక్క కారులో జరిగినదానికి పేరు పెట్టి తిట్టడం నాకు నచ్చదు. ఏ రకమో తెలిస్తే మీకు చాలు. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాకులు, కారు ఎత్తు మార్చుకోవచ్చు, ఒక్కో షాకు పైన గట్టిదనం మార్చే నాబ్ ఒక్కటే, 16 క్లిక్కులు (మెట్లు), ఆ నాబ్ మార్చేది రీబౌండ్ మాత్రమే. వేసింది టన్ను పైచిలుకు బరువున్న చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి. ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లు (షాకే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా కూడా పనిచేసే ఏర్పాటు), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే, మెలితిరిగే దూలం), బరువులో సగం కంటే చాలా ఎక్కువ ముందే ఉంటుంది. ఇలాంటి కారు ఉన్నవాళ్లకి కింద రాసింది దాదాపు అలాగే పనికొస్తుంది.

"రీబౌండ్ మాత్రమే" అన్న మాట నేను కొనేటప్పుడు చదివాను, అర్థం చేసుకోలేదు. కారు బరువు మోసేది స్ప్రింగు. షాకు పని ఆ స్ప్రింగు ఊగులాటని ఆపడం: లోపల పిస్టన్ కదిలితే నూనె సన్నటి దారుల్లోంచి దూరి వెళ్లాలి, ఆ కష్టంలో ఊపు వేడిగా మారిపోతుంది. చక్రం పైకి లేచి స్ప్రింగు నొక్కుకోవడం కంప్రెషన్, నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగడం రీబౌండ్. నా నాబ్ ఈ రెండోదాన్నే అదుపు చేస్తుంది. అంటే చక్రం గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు వచ్చే మొదటి దెబ్బ మీద దానికి పెద్దగా అధికారం లేదు. నేనేమో "గుంతల రోడ్డు వస్తే మెత్తగా పెట్టుకోవచ్చులే" అనుకుని కొన్నాను!

ఇంకో మెలిక ఉంది. నాబ్ తిప్పితే చాలా షాకుల్లో మారేది నూనె పక్కదారిన పోయే చిన్న రంధ్రం. పిస్టన్ నెమ్మదిగా కదిలేటప్పుడు ఆ రంధ్రమే రాజు, వేగంగా కదిలితే లోపలి పలుచటి రేకులు వంగి పెద్ద దారి తెరుచుకుంటుంది, అప్పుడు నాబ్ మాట అంతగా చెల్లదు. ఇక్కడ నెమ్మది, వేగం అంటే కారు వేగం కాదు, పిస్టన్ వేగం. గంటకి 100లో వెళ్తూ నున్నటి మలుపు తిరిగితే పిస్టన్ నెమ్మదిగానే కదులుతుంది, 20లో వెళ్తూ గుంతలో పడితే ఒక్క ఉదుటున కదులుతుంది. కాబట్టి నాబ్‌తో బాగుపడేది స్టీరింగ్ తిప్పగానే, బ్రేక్ వేయగానే కారు ఒళ్లు ఎలా కదులుతుంది అన్నదే. నడుముకి సుఖం కోసం నాబ్ కొనకండి.

పక్కన పెట్టి చూసుకోడానికి మిగతా షాకుల కంపెనీల సంగతి రెండు ముక్కల్లో. కోనీ పసుపు షాకుల్లో కూడా మార్చగలిగేది రీబౌండే. బిల్‌స్టీన్ బీ16లో ఒకే నాబ్ రెండు దిక్కుల గట్టిదనాన్నీ కలిపి మారుస్తుంది, 10 మెట్లు ఉంటాయి. కేడబ్ల్యూలో వేరియంట్ 1కి డాంపింగ్ (ఊగులాటని ఆపే గట్టిదనం) సర్దుబాటు లేదు, 2కి రీబౌండ్, 3కి రీబౌండూ కంప్రెషనూ విడివిడిగా. విడివిడిగా ఉన్నవి గొప్పే, కానీ నాలుగు నాబ్‌లతోనే నేను మూడు నెలలు దారి తప్పాను, ఎనిమిది ఇస్తే ఇప్పటికీ రోడ్డు పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి.

బిగించిన రోజు గురించి చెప్పాలి. బిగించిన వర్క్‌షాప్‌వాళ్లు మంచివాళ్లే, తొందర మనుషులు. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే ముందు కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు ఒంటికి కలిపే చేయి) బోల్టులు, వెనక బీమ్ బోల్టులు పూర్తిగా బిగించేశారు. ఆ బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు బోల్టు బిగిసిన చోటునే తమ సహజ స్థానం అనుకుంటాయి, కారు నేల మీదకి దిగగానే మెలితిరిగి స్ప్రింగులా తన్నుతూ ఉంటాయి. కారు అనుకున్న ఎత్తుకి దిగలేదు, చిన్న అతుకు మీద కూడా ధన్ ధన్. నేను నేరం షాకుల మీదకి నెట్టి రెండు వారాలు నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి బోల్టులు వదులు చేసి, బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగించి, అలైన్‌మెంట్ చేయిస్తే సగం గోల అక్కడే పోయింది. మీరు వేయించుకునేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, మొహమాటపడకండి.

మిగిలిన సగంలో సగం ఏమిటంటే, ఎడమ షాకు 6 క్లిక్కుల దగ్గర, కుడిది 10 దగ్గర ఉన్నాయి. లెక్క ఎప్పుడూ పూర్తి గట్టి వైపు నుంచి మొదలుపెట్టాలి: నాబ్‌ని నెమ్మదిగా, బలం పెట్టకుండా, ఆగేదాకా బిగించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. మెత్తటి చివర కొన్నింటిలో స్పష్టంగా ఆగదు, అటు నుంచి లెక్కపెడితే ఇలాగే అవుతుంది. నాబ్‌ని విరగబిగిస్తే లోపలి సూది పాడవుతుంది, అదో ఖర్చు.

అసలు ట్యూనింగ్‌కి వస్తే, మొదటి నెల నేను చేసింది అందరూ చేసేదే. గట్టిగా ఉంటే స్పోర్టీ కదా అని పూర్తి గట్టి నుంచి రెండే క్లిక్కులు వెనక్కి, నాలుగు చక్రాలకీ. నున్నటి రోడ్డు మీద మొదటి పది నిమిషాలు స్వర్గం. తర్వాత వరుసగా అలల్లా ఉన్న రోడ్డు తగిలింది. ప్రతి ఎగుడుకీ కారు ఇంకాస్త కిందకి దిగుతోంది, చివర్లో అడుగున రాయి తగిలినట్టు ఠక్ మంది. కారణం రీబౌండే. స్ప్రింగు నొక్కుకుంది, షాకు దాన్ని సాగనివ్వట్లేదు, అది లేచేలోపే తర్వాతి ఎగుడు వచ్చింది, అలా కొంచెం కొంచెంగా కుంగి బంప్ స్టాప్ (షాకు పూర్తిగా నొక్కుకోకుండా ఆపే దిమ్మ) మీద కూర్చుంది. పక్క సీట్లో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, గట్టిగా పెట్టావా, చక్రాలు తీసేశావా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బంప్ స్టాప్ సంగతి తేల్చడానికి ఒక చవక ఉపాయం ఉంది: షాకు రాడ్డుకి సన్నటి కేబుల్ టై ఒకటి కట్టి కిందకి జరిపి, ఒక రౌండు వేసి వచ్చి చూడండి, అది ఎక్కడిదాకా నెట్టబడిందో షాకు అక్కడిదాకా నొక్కుకుందన్నమాట. నాది ఏకంగా బంప్ స్టాప్‌లోకే దూరి ఉంది. అందం కోసం కారుని మరీ కిందకి దించేశాను, కదలడానికి చోటే లేదు, ఇక షాకు ఏం చేస్తుంది పాపం! ముందు వైపు 15 మిల్లీమీటర్లు పైకి లేపాక అదే క్లిక్కులతో వేరే కారులా నడిచింది. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య సందు కనిపిస్తోందని స్నేహితులు వెక్కిరిస్తున్నారు, వెక్కిరించనివ్వండి.

ఆ తర్వాత పద్ధతిగా మొదలుపెట్టాను. ఒకే దారి, పొద్దున్నే, చల్లటి టైర్లలో ఒకే గాలి. (టైరు 10 డిగ్రీలు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి సుమారు 1.5 పీఎస్ఐ పెరుగుతుంది, దాన్ని పట్టించుకోకుండా ఒక క్లిక్కు తేడా నాకు తెలిసిపోయింది అనేవాళ్లని నమ్మకండి, నేనూ అన్నాను ఒకప్పుడు.) ఒకసారి ముందు మాత్రమే, ఇంకోసారి వెనక మాత్రమే, రెండేసి క్లిక్కులు, వచ్చాక పుస్తకంలో ఒక వాక్యం. చిన్న ఎత్తు దాటాక కారు ఒక్కసారి లేచి కుదురుకుంటే సరే, రెండోసారి కూడా ఊగితే రీబౌండ్ తక్కువైంది, లేవకుండా అతుక్కుపోయి చక్రాలు టపటపా కొట్టుకుంటే ఎక్కువైంది. ఈ ఒక్క పరీక్షతోనే చాలావరకు దగ్గరికి వచ్చేస్తారు.

నాకు కుదిరింది ముందు 9, వెనక 6, పూర్తి గట్టి నుంచి వెనక్కి. ముందు ఇంకా గట్టిగా పెడితే మలుపులోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి చక్రం గరగరా తిరిగేది. షాకు దాన్ని కిందకి సాగనివ్వక రోడ్డుని వదిలేస్తోంది. మెత్తబరిచాక పట్టు పెరిగింది. గట్టిదనం తగ్గిస్తే కారు వేగంగా వెళ్లడం మొదట్లో నాకే మింగుడుపడలేదు. వెనక కొంచెం గట్టిగా ఉంచితే బ్రేక్ వేస్తూ మలుపులోకి తిప్పినప్పుడు వెనక భాగం గబుక్కున పైకి లేవదు, ముక్కు చెప్పినట్టు వింటుంది. వెనక 3 దాకా కూడా పోయాను, తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ వదలగానే వెనక పక్కకి జరిగింది, ఇక చాలనుకుని మెత్తబరిచాను.

పొడవైన మలుపులో నిలకడగా తిరుగుతున్నప్పుడు కూడా ముందు బయటికి జారిపోతూ ఉంటే దానికి ఈ నాబ్ మందు కాదు. అక్కడ షాకు దాదాపు కదలడమే లేదు, కదలని షాకు చేసేది ఏమీ లేదు. టైర్లు, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందో), యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) చూసుకోండి.

నన్ను ఏడిపించిన భాగానికి వద్దాం. ముందు నాబ్‌లు బానెట్ ఎత్తితే చేతికి అందుతాయి, అర నిమిషం పని. వెనకవి డిక్కీ పక్క ప్లాస్టిక్ ప్యానెల్ వెనక దాక్కున్నాయి, ప్రతిసారీ ప్యానెల్ లాగాలి, ఇప్పటికి నాలుగు క్లిప్పులు విరిగాయి. అది కారు తప్పనుకుందాం. కానీ కుడి వెనక నాబ్‌లో నాలుగో నెల నుంచి క్లిక్కులు సరిగా తెలియడం లేదు, ఒక్కోసారి రెండు కలిసి ఒకటిగా జారుతున్నాయి. దుమ్మా, లోపల క్లిక్కు ఇచ్చే చిన్న బంతి అరిగిందా అన్నది విప్పితే కానీ తెలియదు. అమ్మినవాళ్లకి రాస్తే ఫొటో పంపమన్నారు. క్లిక్కు శబ్దానికి ఫొటో ఎలా తీయాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వేరే ఫిర్యాదులేమీ లేవు. 9,000 కిలోమీటర్లు తిరిగాను, నూనె కారలేదు, పై మౌంట్‌లో చప్పుడు లేదు. బాగా చల్లటి ఉదయం నూనె చిక్కబడి మొదటి కొన్ని కిలోమీటర్లు బిగుసుకున్నట్టు ఉంటుంది, ఆ టైములో ట్యూనింగ్ జోలికి పోకండి. కొండ దారులు, అప్పుడప్పుడు ట్రాక్, చేతిలో పుస్తకం పట్టుకునే ఓపిక ఉంటే ఐదుకి నాలుగు ఇస్తాను. రోజూ ఆఫీసుకి వెళ్లి రావడానికే అయితే కంపెనీ షాకులు పాడైనప్పుడు మంచి మామూలు జత కొని మార్చేసుకోండి, నాబ్‌ని నెలకోసారి కూడా ముట్టుకోరు. నేనైతే ఆదివారం ఆ కుడి వెనకది విప్పుతాను, ఐదో క్లిప్పు కూడా విరుగుతుందనే అనుకుంటున్నాను.