కాలువగట్టు గోడమీది బావురుపిల్లి

అమలాపురానికి దగ్గరలో కాలువగట్టున ఉన్న మా ధాన్యం గోదాము పడమటి గోడమీద, జంతువుల బొమ్మలకు మా ప్రాంతంలో పేరున్న ఒక చిత్రకారుడి చేత నిరుడు పెద్ద కుడ్యచిత్రం వేయించాము. గోడ 40 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. గోడమీది బొమ్మ గురించి అంతకుముందే మాట్లాడటం తొందరపాటవుతుందని నా అభిప్రాయం.

ముందుగా గేదె సంగతి చెప్పాలి. పని మొదలుపెట్టక ముందు ఆయన రెండు ఉదయాలు కాలువగట్టున కూర్చుని, నీళ్ళలోంచి లేచి వచ్చే గేదెలను పుస్తకంలో గీసుకున్నారు. గోడమీదకు వచ్చేసరికి ఆ గేదెలో నలుపు దాదాపుగా లేదు. వీపంతా ఊదా, నీలం. పక్కటెముకల వంపులో కావిరంగు. కొమ్ముల అంచున సన్నని నారింజ గీత. ఇదేమి గేదె అని మొదట మా పెదనాన్నగారు పెదవి విరిచారు. మరునాడు ఆయనే కాలువలోంచి లేచిన గేదె తడివీపు మీద ఆకాశం నీలంగా మెరవడం చూసి నన్ను పిలిచి చూపించారు. వీపుమీద వాలిన మూడు కొంగలలో ఒకదానికి మాత్రం తల, మెడ నారింజ రంగులో ఉన్నాయి. గూళ్ళు కట్టే కాలంలో ఈ కొంగలకు నిజంగానే ఆ రంగు వస్తుంది. రంగులు ఎంత ధారాళంగా వాడినా, ఆయన జంతువును జంతువుగానే ఉంచుతారు. ఆయన పనితనమంతా ఇందులోనే ఉందని నేను నమ్ముతున్నాను.

నీళ్ళలో చేపలు పట్టే అడవిపిల్లి అయిన బావురుపిల్లి విషయంలో ఈ మాట మరింత స్పష్టమవుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవుల్లో ఇది ఉన్నా, రాత్రిపూట తిరిగే జంతువు కావడంతో మనలో చాలామంది దీనిని చూడనే లేదు. ఆయన దానికి ఆకుపచ్చ, పసుపు రంగులు వేశారు కానీ, బలిసిన ఒళ్ళు, పొట్టి తోక, గుండ్రని చిన్న చెవులు, వెన్ను పొడవునా వరుసలు కట్టిన నల్లమచ్చలు ఎక్కడా తప్పిపోలేదు. నీళ్ళలోకి చాచిన ముందుకాలి వేళ్ళ మధ్య పొర కూడా కనిపిస్తుంది. మొదట్లో పులిపిల్ల అన్న మా వీధి పిల్లలు ఇప్పుడు దానిని దాని పేరుతోనే పిలుస్తున్నారు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళినప్పుడల్లా బొమ్మకు ఎంత దగ్గరగా నిలబడితే అంత బాగుంటుందని అనిపించేది. ఈ గోడకు ఆ లెక్క పనికిరాదు. దగ్గరికి వెళితే మనిషంత ఎత్తున రంగుల మరకలే కనిపిస్తాయి; కాలువ అవతలి గట్టుకు వెళ్ళి చూస్తే అవే మరకలు కలిసి పిల్లి కన్ను అవుతాయి. ఇందుకోసం ఆయన గోడనంతా నూలుతాడుతో గడులు కొట్టుకుని, రోజుకు పదిసార్లయినా పరంజా దిగి, వంతెన దాటి అవతలి నుంచి చూసి, మళ్ళీ వచ్చి దిద్దేవారు.

పని పన్నెండు రోజులు పట్టింది. చదరపు అడుగుకు 160 రూపాయల చొప్పున, రంగులతో కలిపి 96,000 రూపాయలు ఇచ్చాము. పరంజా ఖర్చు మాదే. చెప్పిన రోజుకు వచ్చారు, చెప్పిన రోజుకు ముగించారు.

లోపాలు రెండు ఉన్నాయి. పాత గోడ కావడంతో నేలలోని చెమ్మ పైకి ఎగబాకి, వానలు తగ్గేసరికి అడుగున రెండడుగుల మేర ఉప్పు పూసి రంగు పొక్కులు లేచింది. చెమ్మ ఆరేదాకా ఆగాలని ఆయన ఒకసారి అన్నమాట నిజమే, కానీ మేము తొందరపెట్టగానే ఒప్పుకుని లప్పం పెట్టించారు. ఆ ఒక్క విషయంలో ఆయన గట్టిగా నిలబడి ఉండవలసింది. రెండవది, రామచిలుక మెడ దగ్గర వాడిన మెరిసే గులాబీ రంగు పడమటి ఎండకు అప్పుడే వెలిసింది. పక్కనే ఉన్న కావి, ఇటుక ఎరుపు రంగులు మాత్రం చెక్కు చెదరలేదు. ఎండ నేరుగా పడే గోడకు ఆయన చేత వేయించుకునేవారు ఏయే రంగులు వాడతారో ముందే అడిగి తెలుసుకోవాలి.

కబురు పంపగానే వచ్చి చూసి, పొక్కిన భాగాన్ని గీకించి, సంక్రాంతి వెళ్ళాక గోడ బాగా ఆరిన తరువాత కూలి తీసుకోకుండా తిరిగి వేస్తానన్నారు. అప్పుడే ఉత్తరపు గోడ కూడా ఆయనకే అప్పగిస్తున్నాము. దానిమీద నీటికుక్కలు వేయాలని అడిగాను.