డీటీ-830డీ మల్టీమీటర్: బ్యాటరీ సెల్లులతో ప్రయోగాలకు బాగుంది, గోడ ప్లగ్గుకు వద్దు

రెండు మూడు వందల రూపాయలకు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరికే, వోల్టులు, కరెంటు, నిరోధం కొలిచే ఈ మీటరు పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కొనివ్వదగ్గదే. ఒకే పేరుతో చాలామంది తయారు చేస్తారు. కొన్నింటికి బజర్ (దారి కలిస్తే మోగేది) ఉండదు, కాబట్టి కొట్లోనే రెండు ప్రోబులూ (కొలిచే మొనలున్న వైర్లు) ఒకదానికొకటి తాకించి చూసుకోండి.

ప్రమాణాలు నేర్చుకోవడానికి దీని డయలే మంచి పలక. వోల్టుల వైపు 2000 పక్కన చిన్న ‘ఎం’ ఉంటుంది, అంటే 2000 మిల్లీవోల్టులు, 2 వోల్టులే. పెద్ద ‘ఎం’ అయితే మెగా. రెండింటికీ తేడా వంద కోట్ల రెట్లు! కొన్ని మీటర్ల మీద కిలోకు పెద్ద ‘కె’ అచ్చు వేస్తారు. అది కెల్విన్ గుర్తు, కిలోకు చిన్నదే రాయాలి. తెర 1999 దాకానే చూపుతుంది. అది దాటితే ఎడమ చివర ఒంటరిగా 1 నిలబడుతుంది. దాన్ని 1 ఓమ్ అని రాసుకోకండి, పై రేంజికి మార్చండి.

నిరోధం కొలిచేటప్పుడు సర్క్యూట్‌లో కరెంటు ఉండకూడదు. 200 ఓముల రేంజిలో ముందు ప్రోబులు రెండూ కలిపితే 0.3, 0.5 అలా వస్తుంది. అది వైర్ల నిరోధం, వచ్చిన కొలతలోంచి తీసేయాలి.

కరెంటు కొలవాలంటే సర్క్యూట్‌ను ఒకచోట తెంపి మీటరును శ్రేణిలో పెట్టాలి. 9 వోల్టుల బ్యాటరీకి 470 ఓముల రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ కలిపారనుకోండి. ఎల్‌ఈడీ దగ్గర 2 వోల్టులు పోతే మిగిలిన 7ను 470తో భాగిస్తే 14.9 మిల్లీఆంపియర్లు రావాలి. 20 మిల్లీఆంపియర్ల రేంజిలో 14.6 దగ్గరే కనిపిస్తుంది. మీటరు లోపలి 10 ఓముల షంటు (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) కూడా దారిలో చేరింది మరి. అదే రేంజిలో ప్రోబులను నేరుగా బ్యాటరీ రెండు కొనలకూ పెడితే లోపలి గాజు ఫ్యూజు పోతుంది. అంతే రేటింగు ఉన్నదే వేయండి, రాగి తీగ చుట్టకండి.

అసలు లోపం వోల్టుల వైపు ఉంది. డీసీ రేంజిలో దీని సొంత నిరోధం 1 మెగా ఓమ్ మాత్రమే. 9 వోల్టులకు రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు శ్రేణిలో కలిపి ఒకదాని మీద కొలిస్తే 4.5 రావాలి, ఇది 3 చూపుతుంది. కొలిచే రెసిస్టర్‌కు మీటరు సమాంతరంగా చేరి దాన్ని సగం చేసేసింది. 10 కిలో ఓముల రెసిస్టర్లతో అయితే ఈ తేడా కంటికి ఆనదు.

డయల్ మీద 750 వోల్టుల ఏసీ అని ఉన్నా ఇంటి 230 వోల్టుల ప్లగ్గులో పెట్టవద్దు. ప్రోబులు సన్నం. పైగా 10 ఆంపియర్ల సాకెట్‌కు చాలా మోడళ్లలో ఫ్యూజే ఉండదు. ఎర్ర ప్రోబు అందులో మర్చిపోయి ప్లగ్గులో పెడితే షార్ట్ సర్క్యూటే.

తనంతట తాను ఆగదు, డయల్‌ను ఆఫ్‌కు తిప్పాల్సిందే. తెర మీద బ్యాటరీ గుర్తు వస్తే వెంటనే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. లోపలి రిఫరెన్స్ వోల్టేజీ (మీటరు పోల్చి చూసుకునే వోల్టేజీ) పడిపోయి, కొలతలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంటాయి.