నక్కవాగు పక్కన గోగు మేలా, పత్తి మేలా?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు ఏళ్ల తరబడి నక్కవాగులో పడి మంజీరలో కలిసింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ ప్రాంతాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. ఆర్సెనిక్, భారలోహాలు చేరిన పొలాల్లో తిండిపంట మానేసి నారపంట వేసుకోమని చెప్పడం తేలికే. ఏ నార వేయాలన్నదే చిక్కు.

వరి మాత్రం వద్దే వద్దు. మడిలో నీళ్లు నిలిస్తే మట్టిని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కరిగి వేళ్లకు అందుతుంది. అక్కడి నుంచి గడ్డిలోకి, గింజలోకి చేరుతుంది.

చెప్పుకోవడానికి గోగు బాగుంటుంది. నాలుగైదు నెలల పంట, వానాధారంగా పండుతుంది, పురుగుమందుల ఖర్చు పత్తితో పోలిస్తే చాలా తక్కువ. నార గోనెసంచులకు, తాళ్లకు పోతుంది. కానీ గోగాకంటే గోంగూరే కదా! నార కోసం వేసిన చేనైనా లేతాకు కళ్లబడితే కోసుకెళ్లే చేతులను ఆపేదెవరు? మొక్క లాగిన లోహాలు కొంతైనా ఆకులో చేరతాయి. నేను గోగు వద్దనడానికి మొదటి కారణం ఇదే.

రెండోది నీళ్లు. కట్టె కోసి, కట్టలు కట్టి, రెండు మూడు వారాలు నీళ్లలో ఊరేస్తేనే నార ఊడుతుంది. ఎక్కడ ఊరేస్తారు? వాగులో వేస్తే నారకు మురుగంటుతుంది, మంచి చెరువులో వేస్తే చెరువు పాడవుతుంది. పైగా గోగునార కొనే మిల్లులు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నాయి. సంగారెడ్డి నుంచి అంతదూరం లారీ కిరాయి పెట్టుకుంటే మిగిలేదేముంది?

పత్తికి ఊరేసే పని లేదు, కొనేవాళ్లు జిల్లాలోనే ఉన్నారు. మందుల ఖర్చు మాత్రం నడ్డి విరుస్తుంది. దూదితో పెద్దగా భయం లేదు. అయితే వంద కిలోల పత్తిలో దూది మూడో వంతే, మిగతాది గింజ. గింజ నుంచి నూనె, నూనె తీశాక చెక్క, ఆ చెక్క బర్రెల దాణాలోకి. అంటే తిండితో తెగతెంపులైపోలేదు. పత్తికట్టె పొయ్యిలోకి పోతే ఆ బూడిద మళ్లీ చేలోనే పోస్తారు.

అయినా నా ఓటు పత్తికే. గోంగూర నేరుగా కంచంలోకి వస్తుంది, గింజ జిన్నింగ్ మిల్లు (దూదిని, గింజను వేరుచేసే చోటు) దాటి వెళ్తుంది. ఆ మిల్లు దగ్గరే ఈ పొలాల గింజను విడిగా ఉంచి, చెక్కను పరీక్షించి అమ్మే ఏర్పాటు చేయొచ్చు. గోగాకు విషయంలో అలాంటి కాపలా కుదరదు. ఏది వేసినా నేల శుభ్రమవుతుందని మాత్రం ఆశపడొద్దు. ఒక్కో పంటతో బయటికి పోయే లోహం చాలా కొంచెం.

విత్తే ముందు మట్టి చూపించుకోవాలి. మామూలు భూసార కార్డులో నత్రజని, భాస్వరం, జింకు లాంటివి ఉంటాయి గానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. వాటిని విడిగా అడిగి చేయించుకోవాలి. లోహాలు మరీ ఎక్కువని తేలితే పత్తి కూడా వద్దు, కాగితపు గుజ్జుకు పోయే జామాయిల్ నయం. కాకపోతే నాలుగేళ్లదాకా డబ్బు చేతికి రాదు, కౌలురైతు అన్నాళ్లు ఆగలేడు.