పోర్ట్‌లాండ్ గులాబీలు: ఎక్కడ దిగాలి, ఎప్పుడు వెళ్ళాలి

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో గులాబీ తోట చూడాలనుకునేవాళ్ళు జూన్‌లో వెళ్ళండి, అదీ పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే తోట ఉన్న వాషింగ్టన్ పార్కులో కారు పెట్టడానికి చోటు దొరకడం కష్టం. పైగా తోటలో పనిచేసే వాలంటీర్లు మాకు కనిపించింది పొద్దుటి పూటే. నా లెక్కలో తోటకన్నా వాళ్ళే గొప్ప.

మొదట డౌన్‌టౌన్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ పార్కింగ్‌కు రాత్రికింతని వేరే వసూలు చేశారు. బుక్ చేసేటప్పుడు ఆ మాటే లేదు. మర్నాడు శివారులోని హిల్స్‌బరో వైపు మారాం. అద్దె తక్కువ, పార్కింగ్ ఉచితం, ఊరంతా తిరిగే మ్యాక్స్ రైలు దగ్గర. ఇంటెల్ పుణ్యమా అని హిల్స్‌బరో, బీవర్టన్‌లలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఇడ్లీ, దోసెలకు లోటు లేదు. పెద్దవాళ్ళతో వెళ్తే అటే దిగండి.

ఆ రైల్లో వెళ్తే వాషింగ్టన్ పార్కు స్టేషన్ భూమికి 260 అడుగుల లోతున ఉంటుంది. లిఫ్టులో పైకొస్తే ఎదురుగా జూ, అక్కణ్ణుంచి తోటకు ఉచిత షటిల్ బస్సు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా ఇబ్బంది పడలేదు. తోట మాత్రం కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంది, మెట్లుంటాయి, నెమ్మదిగా దిగాలి.

టికెట్ లేదు. పదివేలకు పైగా మొక్కలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా గులాబీ రకాలు బాంబులకు నాశనమవుతాయేమోనన్న భయంతో, వాటిని కాపాడటానికి 1917లో ఈ తోట పెట్టారు. ఊళ్ళో గులాబీల పిచ్చి అంతకన్నా పాతది. 1888లో జార్జియానా పిట్టాక్ అనే ఆవిడ తన పెరట్లో టెంటు వేసి, మీ పూలు తెచ్చి చూపించండని ఇరుగుపొరుగును పిలిచింది. పోర్ట్‌లాండ్ రోజ్ సొసైటీ అలా పుట్టింది.

ఆ పొద్దున వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దావిడ వాడిన పూలు కత్తిరిస్తోంది. అమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. ఆవిడ కత్తెర ఆపి చూపించింది: పువ్వు కింద మూడు రెబ్బల ఆకు వదిలేసి, అయిదు రెబ్బల ఆకు వచ్చేచోట, బయటివైపు తిరిగిన మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోయాలి. అప్పుడు కొత్త కొమ్మ బయటికి సాగుతుంది, మొక్క నడుమ గాలాడుతుంది. కడియం నుంచి తెచ్చిన మా గులాబీలకు వానాకాలంలో ఆకుల మీద నల్లమచ్చలొస్తాయని అమ్మ అంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇక్కడి చెమ్మలో తమకూ అదే బాధట. ఆకులు తడపకుండా పొద్దున్నే మొక్క మొదట్లో నీళ్ళు పోయమంది, రాలిన మచ్చాకులు ఏరిపారేయమంది. అంటు కిందనుంచి లేచే చిగుళ్ళు అడవి గులాబీవి, వాటిని ఉంచొద్దంది. అడిగినకొద్దీ చెబుతూనే ఉంది, ఎక్కడా విసుక్కోలేదు. కొమ్మలు కత్తిరించే పద్ధతి చలికాలం చివర్లో అందరి ముందూ చేసి చూపిస్తారట కూడా.

పక్కనే జపనీస్ గార్డెన్ ఉంది, దానికి టికెట్. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఆ జార్జియానా వాళ్ళ ఇల్లయిన పిట్టాక్ భవనానికి మాత్రం ఆకాశం తేటగా ఉంటేనే వెళ్ళండి, అప్పుడే అక్కణ్ణుంచి మౌంట్ హుడ్ పర్వతం కనిపిస్తుంది.

జూన్‌లో కుదరకపోతే సెప్టెంబరులోనూ పూలుంటాయి, జనం తక్కువ. సొసైటీ వాళ్ళ పెద్ద ప్రదర్శన జూన్‌లోనే కాబట్టి, ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళయితే సెలవులు దానికే దాచుకోండి.