సూర్యగ్రహణం చూడటానికి ఏది మేలు: కళ్లద్దాలా, అట్టలో చిల్లా, అద్దమా?

గ్రహణం వస్తోందని పేపర్లో పడగానే పిల్లలూ సైన్సు టీచర్లూ అడిగే ప్రశ్న ఒకటే: దేనితో చూడాలి? 2027 ఆగస్టు 2న ఒకటి ఉంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణంగా ఉంటుంది. మనకు మాత్రం పాక్షికమే, అదీ సాయంత్రం పూట.

పాక్షికం అన్న మాటను గట్టిగా పట్టుకోండి. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ గ్రహణం సాగింది. అప్పుడు ఉత్త కళ్లతో చూశామని ఇంట్లో పెద్దవాళ్లు చెబితే అది నిజమే కావచ్చు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కాసేపు మాత్రం చూడొచ్చు. పాక్షిక గ్రహణంలో అలాంటి క్షణం ఒక్కటీ రాదు. కంటి వెనక ఉండే రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్నా మనకు తెలీదు. చూపు మసకబారిన సంగతి కొన్ని గంటల తర్వాతగానీ బయటపడదు.

ముందుగా గ్రహణం కళ్లద్దాలు. వీటితో సూర్యుణ్ణే నేరుగా చూస్తాం, ఆ అనుభూతి వేరు. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసినవి లక్ష పాళ్ల వెలుగులో సుమారు మూడు పాళ్లకు మించి కంటిదాకా రానివ్వవు. ఆ ఐఎస్ఓ అంకెను ఎవరైనా అచ్చు వేయొచ్చు కాబట్టి ఇంట్లో పెట్టుకుని పరీక్షించండి: గోడలు, మనుషులు ఏమీ కనపడకూడదు, ట్యూబ్‌లైటు కూడా కనపడకూడదు, కనపడినా లీలగా ఉండాలి. గీత పడినా, మడత పడి చిల్లు పడినా పారేయాలి. తల దించి పెట్టుకోవాలి, తల దించాకే తీయాలి. వీటిని పెట్టుకుని బైనాక్యులర్‌లోంచో టెలిస్కోపులోంచో అస్సలు చూడొద్దు. ఆ కటకాలు పోగేసిన వేడికి ఫిల్టరే కాలిపోతుంది. అట్ట ఫ్రేము చిన్నపిల్లల ముఖానికి వదులుగా ఉండి జారుతుంటుంది. నలభైమంది ఉన్న తరగతిలో పది జతలుంటే, చేతులు మారేటప్పుడు ఎవరో ఒకరు తల ఎత్తేస్తారు.

రెండోది అట్టలో చిల్లు. పోస్టుకార్డంత అట్టలో చిన్న కిటికీ కోసి, దానిపై అల్యూమినియం ఫాయిల్ అతికించి, పిన్నీసుతో ఒక్క పోటు పొడవండి. అట్టకే చిల్లు పెడితే అంచుల్లో పీచు లేచి బొమ్మ చెదురుతుంది, ఫాయిల్ ఎందుకంటే అందుకే. సూర్యుడికి వీపు పెట్టి, చిల్లులోంచి వచ్చిన వెలుగును తెల్ల కాగితం మీద పడనివ్వండి. చిల్లులోంచి సూర్యుణ్ణి చూడకూడదు, కాగితాన్నే చూడాలి.

ఇక్కడే అసలు లెక్క ఉంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసానికి దాదాపు 108 రెట్లు. అష్టోత్తరంలోని నూటెనిమిదే. అందుకని చిల్లుకూ కాగితానికీ మధ్య దూరాన్ని 108తో భాగిస్తే బొమ్మ వెడల్పు వస్తుంది. మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల చెప్పుల డబ్బాతో చేస్తే 3 మిల్లీమీటర్లు కూడా రాదు, అందులో కొరికిన భాగాన్ని ఏ పిల్లాడూ గుర్తుపట్టలేడు. చాలా బడుల్లో "ఏం కనపడలేదు" అనిపించేది ఈ పొట్టి డబ్బాలే. చిల్లుల గరిటె కూడా వాడొచ్చుగానీ చిల్లులు మరీ దగ్గరగా ఉండి బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

దూరమే బొమ్మను పెంచుతుందని తెలిశాక, నా ఓటు అద్దానికే. చేతి అద్దం మీద గుండ్రటి చిల్లు కోసిన నల్ల చార్టు ముక్క అతికించండి. దాన్ని ఇసుకో బియ్యమో పోసిన గిన్నెలో గుచ్చి, ఎండ పడే కిటికీలో పెట్టి, వెలుగును చీకటి గదిలోని తెల్ల గోడ మీదికి తిప్పండి. గోడ ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే చిల్లు వెడల్పు అన్ని మిల్లీమీటర్లకు మించకూడదు. పది మీటర్లకు ఒక సెంటీమీటరు చిల్లు, గోడ మీద 9 సెంటీమీటర్ల సూర్యుడు. తరగతి మొత్తం ఒకేసారి చూస్తుంది, ఆకాశం వైపు ఒక్కరూ తల ఎత్తరు. చిల్లు పెద్దదైతే అంచు అలుక్కుపోతుంది, చిన్నదైతే బొమ్మ మసక.

బొమ్మ గోడ మీద నిలవదు. పది మీటర్ల దూరానికైతే నిమిషానికి నాలుగు సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది, ఎందుకంటే భూమి తిరుగుతోంది. గిన్నెను మెల్లగా కదుపుతూ ఉండటానికి ఒకరిని పెట్టండి. పది నిమిషాలకోసారి గోడకు అంటించిన కాగితం మీద అంచు గీసి టైము రాయించండి. బొమ్మ ఆకాశంలో ఉన్నట్టు కాక తిరగబడి ఉంటుంది, కంగారు పడొద్దు. అద్దంలోకి తొంగిచూడటం మాత్రం సూర్యుణ్ణి చూడటంతో సమానం. కిరణం తలల పైనుంచి పోయేలా ఎత్తులో పెట్టి, పిల్లల్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టండి.

పళ్లెంలో పసుపు నీళ్లు పోసి చూడటం మన ఇళ్లలో పాత అలవాటు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే నీళ్లు లక్షకు రెండు వేల పాళ్లు కంటికి తిప్పికొడతాయి, సాయంత్రపు వాలు ఎండలో ఇంకా ఎక్కువ. కళ్లద్దాల మూడు పాళ్లతో పోల్చి చూడండి. ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, కూలింగ్ గ్లాసులు వద్దు. వెలుగు తగ్గినట్టు అనిపించి కంటిపాప విచ్చుకుంటుంది, కనపడని పరారుణ కిరణాలు లోపలికి వస్తూనే ఉంటాయి.

అద్దం ఏర్పాటును రెండు మూడు రోజుల ముందే, గ్రహణం పట్టే వేళకే ఒకసారి పెట్టి చూడండి. సూర్యుడు దాదాపు అదే చోట ఉంటాడు కాబట్టి ఏ కిటికీలోకి ఎండ వస్తుందో, ఏ గోడ పనికొస్తుందో తేలిపోతుంది. ఆ రోజే చిల్లును నలుచదరంగా కోసి కూడా చూడండి. గోడ మీద బొమ్మ గుండ్రంగానే పడుతుంది, అది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి ఆకారం.