ఉప్పుగాలికి ఆగినవి, ఆగనివి: గోదావరి మొగల వెంట రెండు వీపుసంచులు, నాలుగు శీతాకాలాలు

ఇది ఒక్క సంచి గురించి రాస్తున్న సమీక్ష కాదు. కాకినాడ నుంచి యానాం, అమలాపురం, ఓడలరేవు, అంతర్వేది మీదుగా నరసాపురం, పేరుపాలెం దాకా ఆలుమగలిద్దరూ వీపున వేసుకుని తిరగడానికి పట్టే సామాను మొత్తం గురించి. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపు, విడతకు ఆరేడు రోజుల చొప్పున నాలుగు శీతాకాలాలు వాడాక తేలింది ఒకటే: కొండలెక్కేవాళ్ల కోసం తయారైన సరుకులో సగం ఇక్కడ దండగ. బరువని కాదు. ఉప్పుకీ ఒండ్రుకీ తట్టుకోదు.

సంచుల సంగతికి ముందు దారి సంగతి చెప్పాలి, ఎందుకంటే సంచి సైజు దారిని బట్టే ఉంటుంది. పటంలో చూస్తే సముద్రం అంచునే నడిచిపోవచ్చు అనిపిస్తుంది. కుదరదు. ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరి పాయలు ఒక్కొక్కటీ ఒక్కో మొగ దగ్గర, అంటే సముద్రంలో కలిసే చోట, ఇసుకను తెగ్గొడతాయి. ఓడలరేవులో నిలబడితే వైనతేయ పాయ అవతల కరవాక ఊరు కళ్లెదుటే ఉంటుంది. రోడ్డు మాత్రం వెనక్కి వెళ్లి బోడసకుర్రు వంతెన ఎక్కి తిరిగి రావాలి. గౌతమిని యానాం–ఎదుర్లంక వంతెన మీద దాటాలి. వశిష్ఠకు రెండు దారులు: సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే బల్లకట్టు), లేదా దిండి దగ్గర చించినాడ వంతెన. అంటే రోజులో నడక కొంత, పల్లెవెలుగు బస్సు కొంత, సర్వీసు ఆటో కొంత. ఆటోలో ఒళ్లో పెట్టుకోలేని సంచి ఈ దారికి సంచే కాదు.

మొదటి ఏడాది 60 లీటర్ల సంచి ఒకటి, 45 లీటర్లది ఒకటి. బరువు 11 కిలోలు, 9 కిలోలు. ఇప్పుడు 38, 32 లీటర్లు. నీళ్లు కాకుండా ఏడు కిలోలు, ఐదున్నర కిలోలు. తగ్గిందంతా గుడారం, పొయ్యి, నిద్రసంచులే. గుడారం వద్దనడానికి కారణం ఉంది. పొడి ఇసుకలో మేకులు నిలవవు, రాత్రి గాలికి సన్న ఇసుక జిప్పుల్లో దూరుతుంది, కోరింగ అభయారణ్యం పరిధిలో అటవీ శాఖ అనుమతి లేకుండా బస అనే మాటే లేదు. రాజోలు, అమలాపురం, నరసాపురంలో లాడ్జీలు, అంతర్వేదిలో సత్రాలు ఉండగా గుడారం తాలూకు మూడు కిలోలు మొయ్యడం మొండితనం.

సంచిలో ముందు పోయేది గుడ్డ కాదు, జిప్పు. పళ్లు ప్లాస్టిక్‌వే అయినా వాటి మీద జరిగే బిళ్ల జింకు కలిసిన లోహం. ఉప్పు తేమ దాన్ని తెల్లటి పొడిలా తినేస్తుంది, రెండో ఏడాదికి బిళ్ల నోరు తెరుచుకుని వెనకాల పళ్లు విడిపోతాయి. దానికి మందు చవకే. రోజూ రాత్రి మంచినీళ్లలో ముంచిన గుడ్డతో జిప్పు పొడవునా తుడవాలి, ఆరాక కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్దాలి. నూనె మాత్రం రాయకండి, ఇసుకను పట్టుకుని ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. అప్పటికే నోరు తెరుచుకున్న బిళ్లని కటింగ్ ప్లేయర్‌తో రెండు పక్కలా కొద్దిగా నొక్కితే ప్రయాణం ముగిసేదాకా లాక్కొస్తుంది. మళ్లీ నొక్కితే విరుగుతుంది. ఇంటికొచ్చాక బ్యాగులు కుట్టేవాడి దగ్గర మార్పించుకోవడమే.

సంచికి వేసే వానతొడుగు గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. లోపలి వైపు పూసిన పాలీయూరితేన్ పొర తేమకు, వేడికి విచ్ఛిన్నమై జిగురు తేలుతుంది. బీరువాలో తడిగా మడిచి పెడితే ఒక్క వేసవి చాలు; తర్వాత అట్టలు అట్టలుగా ఊడి బట్టల నిండా అంటుకుంటుంది. సిలికాన్ పూతది అలా ఊడలేదు. అంత డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి తీసుకుని నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఆరబెట్టి, సంచి లోపల అస్తరులా వేసుకోండి. సరిగ్గా కడక్కపోతే మిగిలిన యూరియా తేమను లాగి బట్టలు చెమ్మగిల్లుతాయి. మూతిని మూడు మడతలు చుట్టి రబ్బరుబ్యాండు వేస్తే పంటు మీద చిమ్మే నీళ్లకు చుక్క లోపలికి పోలేదు. వేలు పోసి కొన్న డ్రైబ్యాగుకూ దీనికీ నాలుగేళ్లలో కనిపించిన తేడా రంగొక్కటే.

బట్టలు ఆరకపోవడం ఈ తీరంలో అసలు జబ్బు. వానపడకపోయినా ఆరవు. సముద్రపు నీళ్లలో తడిసిన గుడ్డలో ఉప్పు ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తనే గాలి నుంచి నీళ్లు లాక్కుంటుంది, డెల్టాలో రాత్రిపూట తేమ అంతకంటే ఎక్కువే. మధ్యాహ్నం ఫెళఫెళలాడిన చొక్కా తెల్లారేసరికి మళ్లీ తడి. దండెం మీద ఎంతసేపు ఉంచినా లాభం లేదు, మంచినీళ్లలో జాడించాల్సిందే. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి, జాడించేముందు చుక్క నాలిక మీద వేసుకుని చూసి ఉమ్మెయ్యండి. మనిషికి రెండు జతలు, ఒక లుంగీ లేదా నైటీ, పల్చటి నేత తువ్వాలు చాలు. మందపాటి టర్కీ తువ్వాళ్లు ఇంట్లోనే బాగుంటాయి. ఐదు మీటర్ల నైలాను తాడుతో పాటు ప్లాస్టిక్ క్లిప్పులే పెట్టుకోండి. స్టీలు పిన్నీసు ఒక్క రాత్రికే తుప్పు మరక వేస్తుంది, అది చాకలి సోడాకీ పోదు.

చెప్పుల దగ్గర డబ్బుకు వెనకాడొద్దు. బూట్లు రెండో రోజే తడిసి మళ్లీ ఆరవు. వాడకుండా ఉంచితే సోలులోని నురుగు పొర తేమకు పెళుసెక్కి బిస్కెట్టులా రాలుతుంది. వెల్క్రో పట్టీల శాండిల్స్‌కు మొదటి బురదలోనే పట్టు పోయింది, కొక్కేల మధ్య ఒండ్రు చేరితే పంటితో లాగినా రాదు. నిలిచింది బకెల్ పట్టీలతో, మడమ వెనక పట్టీ ఉన్న మందపాటి సోలు శాండిల్ ఒక్కటే. మడమ పట్టీ లేకపోతే పర్ర (ఉప్పునీటి చిత్తడి నేల) బురద చెప్పును లాగేసుకుంటుంది. సోలు మందం ఎందుకంటే మడ చెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. హవాయి చెప్పులోంచి దిగిపోతాయి. సన్న సాక్సు ఒక జత వేసుకుంటే పట్టీ కింద ఇసుక రాపిడికి బొబ్బలెక్కవు.

నడిచే వేళ కూడా చెప్పుల్లో భాగమే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, బయటపడే తడి ఇసుక సిమెంటు రోడ్డులా ఉంటుంది, పైన పొడి ఇసుకలో రెండింతల శ్రమ. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు, అంటే ఇంచుమించు రెండు గడియలు, ఆలస్యంగా వస్తుంది. పంచాంగం ఉన్న క్యాలెండరు ఉంటే చాలు: ఒక తీరాన ఏకాదశి నాడు పోటు ఎన్నింటికో రాసుకుంటే వచ్చే ఏకాదశికీ దాదాపు అదే వేళ. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్లు మరీ పైకి వస్తాయి, ఆ రోజుల్లో పిల్ల కాలవలు దాటి అవతలి ఇసుక మీదికి వెళ్తే తిరుగు దారి ఉండదు. మొగల దగ్గర ఈతకు దిగొద్దు. అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నీళ్లు పైకి ఎంత నిమ్మళంగా కనిపించినా, ఏటి లాగుడు, సముద్రపు పోటు అక్కడే ఢీకొంటాయి.

వడపోత సీసా మీద పెట్టిన డబ్బు పూర్తిగా వృథా. సన్న గొట్టాల వడపోత క్రిములను ఆపుతుంది గానీ నీటిలో కరిగిన ఉప్పును ఆపదు. కాలవ నీటిలో ఒండ్రు మూడో రోజుకే దాన్ని మూసేస్తుంది. పటిక తిప్పి రాత్రంతా తేర్చినా, చేలల్లోంచీ రొయ్యల చెరువుల్లోంచీ కలిసిన మందులు ఎటూ పోవు. ప్రతి ఊళ్లోనూ 20 లీటర్ల టిన్ను నింపే వాటర్ ప్లాంటు ఉంటుంది, అక్కడ మన సీసాలు నింపుకోవడమే. మనిషికి రెండు లీటర్లు తగ్గకుండా. మధ్యలో బొండాం ఎలాగూ ఉంది, కోనసీమలో దానికి కరువు లేదు.

దోమతెర: స్టీలు తీగతో గొడుగులా విచ్చుకునేది కొంటే తీగ తుప్పు పట్టి గుడ్డను చీల్చుకుని బయటికి వస్తుంది, పైగా కిలోన్నర బరువు. నాలుగు మూలలా తాళ్లు కట్టుకునే పాత రకం ఇద్దరికీ సరిపడేది అరకిలో. కట్టడానికి మేకు దొరకని గదుల్లో కిటికీ ఊచ, తలుపు గడియ, ఫ్యానుకు దూరంగా దండెం తాడు. కొంచెం విసుగే.

ఇద్దరి మధ్య పంపకానికి ఒక పద్ధతి ఉంది, అది తప్పితే చిక్కే. దోమతెర, మందులు, తాడు, ఛార్జరు ఒక్కొక్కటే ఉండొచ్చు. నీళ్లు, టార్చి, కొంత నగదు, గుర్తింపు కార్డు మాత్రం ఎవరి సంచిలో వాళ్లకు ఉండాలి. కిక్కిరిసిన బస్సులో ముందొకరు వెనకొకరు ఎక్కడం, పంటు మీద బళ్ల మధ్య విడిపోవడం మామూలే. లాడ్జీల్లో ఇద్దరి ఆధారూ అడుగుతారు, చిరునామాలు వేరుగా ఉంటే నాలుగు ప్రశ్నలు ఎక్కువ పడతాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి ఆ కార్డు ఆవిడ చేతికి అందే జేబులోనే ఉండాలి. మరుగుదొడ్డి కోసం బస్టాండు వచ్చినప్పుడల్లా వాడుకోండి, తీరం వెంట ఊళ్ల మధ్య ఆడవాళ్లకు ఏదీ ఉండదు.

తిండి మోత అక్కర్లేదు. అంబాజీపేట వైపు వెళ్తే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు పొద్దున్నే తినెయ్యాలి, ఎండెక్కితే ఉండవు. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిదికి హోటళ్లు కట్టేస్తారు, అందుకని అరకిలో అటుకులు, పావుకిలో బెల్లం, వేయించిన వేరుశనగపప్పు సంచిలో ఎప్పుడూ ఉంచండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ సామాను ఏదీ పనికిరాదు, ఆ దారే ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. వరద పెరిగితే పంట్లు ఆపేస్తారు, లంకలకు దారులు మునుగుతాయి. పులస చేప తినడానికి రావాలంటే చేతిసంచితో రాజమండ్రి దాకా రండి, అంతే. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని ఏం చేసిందో ఇక్కడి పెద్దవాళ్లనెవరినైనా అడగండి.

నాలుగేళ్లకీ పరిష్కారం దొరకనిది భుజపట్టీల లోపలి స్పాంజి. చెమట ఉప్పు, గాలి ఉప్పు రెండూ అందులోకి దిగి, ఎన్ని నీళ్లు పోసినా రెండో వారానికి ముక్కిన వాసన వస్తుంది. బకెట్టు గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టి, సబ్బు లేకుండా పిండి, తలకిందులుగా నీడలో రెండు రోజులు వేలాడదీస్తే మళ్లీ ప్రయాణం దాకా గడుస్తుంది. జిప్పులన్నీ తెరిచి మేకుకు తగిలించండి. పాలిథిన్ కవరులో మాత్రం కట్టిపెట్టకండి.