కెనన్ సీఎన్-ఈ 135 ఎంఎం టి2.2 సినీ ప్రైమ్: చాలాకాలం వాడాక

జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే ఈ సినిమా లెన్స్ తీసుకోవచ్చా అని అడిగితే నిస్సందేహంగా తీసుకోమంటాను. అయితే 135తో తీసిన షాట్ షార్ప్‌గా లేదన్నప్పుడు చాలాసార్లు తప్పు గాజులో ఉండదు. మౌంట్‌లోనో (లెన్స్ కెమెరాకు తగిలే చోటు), లెన్స్‌ను కింద నుంచి ఆనించే సపోర్ట్‌లోనో, ముందు పెట్టిన ఫిల్టర్‌లోనో, ఫోకస్ రింగును తిప్పే మోటార్ బిగింపులోనో ఉంటుంది. 35 ఎంఎంలో ఎవరి కంటా పడని లోపం ఇక్కడ తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ లెన్స్ గురించి కంటే దాని చుట్టూ ఉండాల్సిన సరంజామా గురించే ఎక్కువ చెబుతాను.

ముందు లెక్కలు. ఇది ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌ను పూర్తిగా కవర్ చేస్తుంది. అడ్డంగా చూపు కోణం సుమారు 15 డిగ్రీలు, అంతకంటే చిన్న సెన్సర్ సైజైన సూపర్ 35లో అయితే 10 డిగ్రీల పైచిలుకు. బరువు దాదాపు 1.4 కిలోలు. ముందు వ్యాసం 114 మిల్లీమీటర్లు, ఇదే సెట్‌లోని మిగతా ప్రైమ్‌లదీ అంతే కాబట్టి మ్యాట్‌బాక్స్ (లెన్స్ ముందు ఫిల్టర్లు పెట్టే పెట్టె) మార్చే పని లేదు. వెలుతురును హెచ్చుతగ్గులు చేసే ఐరిస్‌కు 11 బ్లేడ్లు. ఫోకస్ రింగు 300 డిగ్రీలు తిరుగుతుంది, దగ్గరి ఫోకస్ 1 మీటరు. లైటింగ్ వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: సెట్‌లోని 85 ఎంఎం లెన్స్ టి1.3, ఇది టి2.2 (టి అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది). ఒకటిన్నర స్టాప్ తేడా (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు). 85కి సరిపడా రాత్రి సీను వెలిగించి, చివర్లో క్లోజప్‌కి 135 ఎక్కిస్తే ఆ ఒకటిన్నర స్టాప్ ఐఎస్ఓ పెంచైనా, లైటు పెంచైనా తెచ్చుకోవాల్సిందే.

టి2.2లో ఫుల్‌ఫ్రేమ్ మీద నటుడు 3 మీటర్ల దూరంలో ఉంటే ఫోకస్‌లో ఉండే లోతు మొత్తం 5 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. 2 మీటర్లకు వస్తే 2 సెంటీమీటర్లే. అంటే ముఖం కాస్త పక్కకి తిప్పితే ఒక కన్ను షార్ప్‌గా, రెండో కన్ను మెత్తగా పడుతుంది. డైలాగ్ చెబుతూ ముందుకు వంగితే రెండు కళ్లూ పోతాయి. ఇదే 3 మీటర్ల దగ్గర టి4కి మూస్తే దాదాపు 9 సెంటీమీటర్లు దొరుకుతుంది, ఫోకస్ పుల్లర్ (షాట్‌లో ఫోకస్ సర్దే సహాయకుడు) ఊపిరి పీల్చుకుంటాడు. వెనక నేపథ్యం అప్పటికీ హాయిగా కరిగిపోయే ఉంటుంది. మాట్లాడే క్లోజప్‌లకు టి2.8 నుంచి టి4 మధ్య ఉండమనే నా సలహా. టి2.2ని కదలని షాట్‌కి, చూపు మాత్రమే మాట్లాడే షాట్‌కి దాచుకోండి. వెనక లైట్లున్న ఫ్రేములో ఐరిస్ పూర్తిగా తెరిస్తే మూలల్లో వెలుగు చుక్కలు గుండ్రంగా కాక కోలగా వస్తాయి. కొంచెం మూస్తే సర్దుకుంటాయి.

ఇక మౌంట్. కెనన్ ఈఎఫ్ బేయొనెట్ మౌంట్ (లెన్స్‌ను పెట్టి తిప్పి బిగించే రకం) మామూలుదైతే, తిప్పి లాక్ చేశాక కూడా వెంట్రుకవాసి ప్లే, అంటే వదులు, ఉండే అవకాశం ఉంది. ఫోకస్ మోటార్ దిశ మార్చినప్పుడల్లా లెన్స్ ఆ మేరకు తిరుగుతుంది, ఫ్రేము చిన్నగా జర్కు ఇస్తుంది. పరీక్ష సులువు: ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, దూరంగా ఉన్న కిటికీ అంచును ఫ్రేము గీత మీదికి తెచ్చి, ఫోకస్‌ను చకచకా ముందుకూ వెనక్కూ తిప్పండి. అంచు పక్కకు గెంతితే ప్లే ఉన్నట్టే. బిగింపు రింగున్న ఈఎఫ్ మౌంట్ కెమెరాకు దొరికితే అదే వేయించండి, సగం తలనొప్పి పోతుంది. మోటార్‌ను లెన్స్ మీది గేరుకు మరీ నొక్కి పెట్టినా ఇదే జర్కు, వదులుగా పెడితే మార్కు దగ్గర ఫోకస్ జారుడు. గేరు పళ్లు పూర్తిగా కలిశాక వెంట్రుక మందం ఖాళీ వదిలి బిగించాలి. గేరు పళ్ల సైజు సినిమా వాళ్లకు అలవాటైన 0.8 మాడ్యూలే.

రాడ్ల మీద లెన్స్ సపోర్ట్ తప్పనిసరి. కానీ చాలామంది దాన్ని లెన్స్‌ను పైకి ఎత్తేలా బిగిస్తారు. అప్పుడు మౌంట్ మీద ఒత్తిడి పడి లెన్స్ కొద్దిగా వంగుతుంది, ఫ్రేములో పై భాగమో కింది భాగమో మెత్తబడుతుంది. లెన్స్ లాక్ చేశాకే సపోర్ట్‌ను పైకి తేవాలి. మధ్యలో కాగితం ముక్క పెట్టి లాగితే చిరగకుండా, కొంచెం పట్టుతో బయటికి రావాలి. అంతకంటే బిగువు వద్దు.

ఫిల్టర్ విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. గాజు ఉపరితలం పూర్తి సమతలంగా లేని ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) వైడ్ లెన్స్ ముందు బాగానే కనిపిస్తుంది, 135 ముందు మాత్రం బొమ్మ మొత్తం పాలిపోయినట్టు మెత్తగా వస్తుంది. అనుమానం వస్తే ఫిల్టర్ తీసి అదే షాట్ ఇంకోసారి తీయండి, తేడా వెంటనే తెలుస్తుంది. రెండు మూడు ఫిల్టర్లు పేర్చినప్పుడు ఎదుటి దీపాలకు జంట ప్రతిబింబాలు పడితే, ఒక ఫిల్టర్ ట్రేని కొద్దిగా వంచండి.

పాన్ చేసేటప్పుడు ఓపిక కావాలి. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ (ఒక్కో ఫ్రేముకు సెకనులో 48వ వంతు) దగ్గర ఒక వస్తువు ఫ్రేమును దాటడానికి కనీసం 7 సెకన్లు పట్టాలన్నది పాత లెక్క. ఈ లెన్స్‌కి అది సెకనుకు 2 డిగ్రీలు. 90 డిగ్రీలు తిరగాలంటే 40 సెకన్ల పైనే. కదిలే మనిషిని పట్టుకుని వెళ్తే కన్ను అతని మీదే ఉంటుంది కాబట్టి పర్వాలేదు, ఖాళీ లాండ్‌స్కేప్ మీద మాత్రం తొందరపడితే బొమ్మ ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది.

ఫోకస్ రింగు స్కేలు మీది అంకె, టేపు కొలత కలవకపోతే వెంటనే లెన్స్‌ను సర్వీస్‌కి పంపకండి. కెమెరా ఫ్లాంజ్ దూరంలో (మౌంట్ నుంచి సెన్సర్ వరకు) చిన్న తేడా ఉంటే అది వైడ్ లెన్స్‌ల స్కేలునే బాగా చెడగొడుతుంది. 3 మీటర్ల దగ్గర 0.02 మిల్లీమీటర్ల తేడా 24 ఎంఎంలో దాదాపు 30 సెంటీమీటర్ల తప్పు చూపిస్తే, 135లో ఒక సెంటీమీటరు కూడా చూపించదు. కాబట్టి వైడ్ తప్పి 135 సరిగ్గా ఉంటే కెమెరాను అనుమానించండి. వైడ్ సరిగ్గా ఉండి 135 ఒక్కటే తప్పితే, అప్పుడు లెన్స్‌ను చూపించండి.

ఎండ ముదిరాక దూరపు షాట్లలో కనిపించే వేడిగాలి అలలకు ఏ లెన్సూ మందు కాదు. పొద్దున్నే తీయండి, లేదా కెమెరాను దగ్గరికి జరపండి. ఈ లెన్స్ ఇచ్చే రంగు కాస్త వెచ్చగా ఉంటుంది, చర్మానికి చాలా బాగుంటుంది. నాకు ఈ లెన్స్‌లో అన్నిటికన్నా నచ్చేది అదే. ఫోకస్ మారుస్తున్నప్పుడు ఫ్రేము సైజు మారడం కూడా చాలా తక్కువ.

పాతది కొంటుంటే ఫోకస్ రింగును చేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పండి, ఎక్కడా బిగువు మారకూడదు. తర్వాత ఐరిస్‌ను టి2.2 నుంచి టి5.6కి తెచ్చి వేవ్‌ఫామ్ (వెలుగు స్థాయిని చూపే గ్రాఫ్) చూడండి. మళ్లీ టి16 నుంచి టి5.6కి తెచ్చి చూడండి. రెండుసార్లూ ఒకే ఎత్తు రాకపోతే ఐరిస్‌లో ప్లే ఉన్నట్టే, ఆ మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించి బేరమాడండి.